రుధిరం, రూబీ, రోబస్టా: ‘రుబెర్’ అనే లాటిన్ ఎరుపు వంశం

లాటిన్‌లో ‘రుబెర్’ అంటే ఎర్రని. స్త్రీలింగంలో ‘రుబ్రా’, నపుంసకలింగంలో ‘రుబ్రుమ్’. ఈ మాట ఎప్పుడూ వినని తెలుగువాళ్లు కూడా దాని సంతానాన్ని రోజూ వాడుతూనే ఉంటారు. కామెర్ల అనుమానంతో రక్తపరీక్ష చేయిస్తే చేతికొచ్చే కాగితం మీద బిలిరుబిన్, పండ్ల బండి మీద రోబస్టా అరటి, ఇంజనీరింగ్ కాలేజీ ఫైళ్లలో మార్కుల లెక్క చెప్పే రూబ్రిక్స్, పసిపిల్లల టీకా కార్డులో రుబెల్లా. వీటిలో ఎర్రగా కనిపించేది దాదాపు ఏదీ లేదు. బిలిరుబిన్ పెరిగితే కళ్లు పచ్చబడతాయి. రోబస్టా పండు మాగినా తొక్క మీద ఆకుపచ్చ పూర్తిగా పోదు. ఎరుపు పేరుతో పుట్టిన మాటలు ఎరుపును ఎక్కడ వదిలేశాయో వెతికితే ఒక సంగతి తేలుతుంది. రంగు పేరు ఎప్పుడూ ఏదో ఒక వస్తువును పట్టుకొని నడుస్తుంది: మట్టి, చెక్క, వేరు, రాయి, దద్దురు. ఆ వస్తువు ఎటు పోతే అర్థమూ అటే పోతుంది. శబ్దం మాత్రం ఒక లెక్క ప్రకారమే మారుతుంది. అందుకే పదాల పుట్టుక వెతికేవాళ్లు ముందు శబ్దాన్ని నమ్ముతారు, అర్థాన్ని తరువాత చూస్తారు.

ధకారం చెప్పే సాక్ష్యం

రుబెర్‌కు సంస్కృతంలో తోబుట్టువు ‘రుధిర’. నెత్తురు అనే అర్థం తరువాత స్థిరపడింది. మొదట అది ‘ఎర్రని’ అనే విశేషణమే. గ్రీకులో ఇదే మాట ‘ఎరుథ్రోస్’. మూడూ ఇండో-యూరోపియన్ మూలభాషలోని ఒకే మాటకు మూడు వారసత్వాలు. లాటిన్‌లో బకారం, సంస్కృతంలో ధకారం, గ్రీకులో థకారం ఎలా వచ్చాయన్నదే అసలు ప్రశ్న.

మూలభాషలోని ధకారం సంస్కృతంలో చాలాచోట్ల అలాగే నిలిచింది. లాటిన్‌లో అది పక్కనున్న అక్షరాలను బట్టి మూడు దారులు పట్టింది. పదం మొదట్లో ఉంటే ‘ఫ’ అయింది: మన ధూమం అక్కడ ‘ఫూముస్’. రెండు అచ్చుల మధ్య ఉంటే మామూలుగా ‘ద’ అయింది: విధవ అక్కడ ‘విదువా’. ముందు ఉకారమో, పక్కన రేఫమో ఉంటే ‘బ’ అయింది: ఆవు పొదుగుకు సంస్కృతంలో ‘ఊధస్సు’, లాటిన్‌లో ‘ఊబెర్’. రుధిర, రుబెర్ సరిగ్గా ఈ మూడో దారివే. ఇంగ్లిష్‌లో ఆ ధకారం మామూలుగా ‘డ’ అయింది కాబట్టి విధవకు ‘విడో’, మధ్యకు ‘మిడ్’, ఊధస్సుకు ‘అడర్’, రుధిరానికి ‘రెడ్’ జతపడతాయి. ఒక్క జత పోలితే యాదృచ్ఛికం అనుకోవచ్చు. అన్ని జతలూ ఒకే నియమానికి కట్టుబడితే అది చుట్టరికమే.

లాటిన్‌లోనే ఎరుపుకు ‘రూఫుస్’ అని ఇంకో మాట ఉంది. ఎర్రజుట్టు వాళ్లకు అది ఇంటిపేరు లాంటి పిలుపు. అందులో బకారం లేదు, ఫకారం ఉంది. నియమం తప్పినట్టు కనిపించే ఈ చోటే నియమానికి మంచి పరీక్ష. రోముకు ఇరుగుపొరుగు భాషలైన ఓస్కన్, ఉంబ్రియన్‌లలో పదం మధ్యలోని ధకారం ‘ఫ’ అవుతుంది. ఉంబ్రియన్‌లో ఎర్రనివాటికి ‘రుఫ్రు’ అన్న రూపం కంచు ఫలకాల మీద చెక్కి ఉంది. అంటే రూఫుస్ పొరుగూరి యాస నుంచి నగరంలోకి వచ్చిన మాట. తెలుగులో కెందమ్మి, చెందమ్మి అన్న రెండు రూపాలు పక్కపక్కనే బతికినట్టు అక్కడా ఒకే ఎరుపుకు రెండు ఉచ్చారణలు నిలిచిపోయాయి. పల్లె యాసలో ‘ఓ’కారంతో ‘రోబుస్’ అనే మూడో రూపం కూడా ఉండేది. దాని సంగతి అరటిపండు దగ్గర అవసరమవుతుంది.

సంస్కృతం వైపు చూస్తే ఇదే ధాతువుకు ‘రోహిత’, ‘లోహిత’ అన్న రూపాలు కూడా ఉన్నాయి. వీటిలో ధకారం బలహీనపడి హకారమైంది. రేఫ లకారాలు తారుమారు కావడం వైదిక భాషలో మామూలే. రోహిత నుంచి రోహు చేపకు ఆ పేరు వచ్చింది. కోస్తా చెరువుల్లో శీలావతి అని పెంచేది దాన్నే. లోహిత పక్కనున్న ‘లోహం’ మొదట ఎర్రగా ఉండే రాగికి పేరు. తరువాత ఇనుముకూ, చివరికి బంగారం, వెండితో సహా అన్నిటికీ అదే పేరైంది. రోళ్లు పగిలే ఎండలకు పేరుపడ్డ రోహిణి కార్తెలోని రోహిణి కూడా ‘ఎర్రనిది’ అనే అర్థమున్న మాటే. ఆ నక్షత్రాన్ని చీకటి రాత్రి చూస్తే కంటికే తెలుస్తుంది, స్పష్టమైన నారింజ-ఎరుపు. ఇవన్నీ తెలుగులోకి సంస్కృతం నుంచి వచ్చిన తత్సమాలని గుర్తుంచుకోవాలి. తెలుగు సొంత ఎరుపులు వేరు: ఎఱ్ఱ, కెంపు, చెంగావిలోని ‘చెం’, తొగరు. వాటికి లాటిన్‌తో ఏ సంబంధమూ లేదు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిన భాష కాదని ఈస్టిండియా కంపెనీ అధికారి ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ 1816లోనే మద్రాసులో రుజువులతో రాశాడు.

శబ్దాన్ని పక్కనపెట్టి పోలికను నమ్మితే ఎక్కడ పడతామో చూపడానికి రబ్బరు చాలు. అది రుబెర్ సంతానంలా వినిపిస్తుంది. నిజానికి పెన్సిలు గీతను రుద్ది చెరిపే వస్తువు కాబట్టి రుద్దడం అనే ఇంగ్లిష్ క్రియ నుంచి ఆ పేరు వచ్చింది. రష్యా రూబుల్ నరకడం, కొయ్యడం అనే అర్థమున్న స్లావిక్ క్రియ నుంచి, రూపాయి సంస్కృత రూప్యం నుంచి, రబీ పంట అరబ్బీలో వసంతం అనే మాట నుంచి వచ్చాయి. ఒక మాటను ఈ వంశంలో కలపాలంటే దాని పాత లిఖిత రూపం కావాలి, శబ్దనియమం కుదరాలి, అర్థం ఏ వస్తువు మీదుగా మారిందో చూపగలగాలి. మూడింటిలో ఏది లేకపోయినా ఆగాలి.

ఎరుపు ఎంతవరకు ఎరుపు?

క్రీ.శ. 2వ శతాబ్దంలో రోమన్ రచయిత ఔలుస్ గెల్లియుస్ తన సంకలనంలో ఒక సంభాషణను భద్రపరిచాడు. గ్రీకుతో పోలిస్తే లాటిన్‌లో రంగుల మాటలు తక్కువని తత్త్వవేత్త ఫావోరినుస్ అంటాడు. కాదని వక్త ఫ్రోంటో ఎరుపు జాతి మాటలు వరుసగా ఎత్తిచూపుతాడు: ఫుల్వుస్, ఫ్లావుస్, రుబిదుస్, పోయెనికెయుస్, రుతిలుస్, లూతెయుస్, స్పాదిక్స్. వీటిలో ఫ్లావుస్, లూతెయుస్ మన కంటికి పసుపే. అంటే రోమనుల ఎరుపు గడప దాటి పసుపు వాకిట్లోకి వచ్చేది.

ఆ వెడల్పు ఇప్పటికీ పోలేదు. కోడిగుడ్డు సొనను ఇటాలియన్‌లో గుడ్డులోని ఎరుపు అంటారు. మనం పచ్చసొన అంటాం, ఆ పచ్చనే ఆకుకూ వాడతాం. ‘రుబెయుస్’ అనే రూపం స్పానిష్‌లో ‘రూబియో’ అయి, బంగారు రంగు జుట్టున్నవాడికి పేరైంది. ఎరుపు ఎక్కడ, బంగారు జుట్టు ఎక్కడ అని తెలుగువాళ్లు ఆశ్చర్యపోనక్కర్లేదు. తెల్లని మేనిఛాయ ఉన్నవాణ్ని ‘ఎర్రగా బుర్రగా ఉన్నాడు’ అంటాం కదా. మనిషి మీద వాడినప్పుడు రంగు మాట తన హద్దులు మార్చుకుంటుంది.

అదే రుబెయుస్ ఫ్రెంచ్‌లో ‘రూజ్’ అయింది, అక్కడ అది మామూలు ఎరుపు. బకారం ఎటు పోయింది? లాటిన్‌లో బకారం తరువాత ఇకార-ఎకారాలూ, వెంటనే మరో అచ్చూ వస్తే ఫ్రెంచ్‌లో ఆ గుంపు మొత్తం ‘జ’ అయిపోతుంది. పిచ్చి, వెర్రికోపం అనే అర్థమున్న ‘రబియా’ స్పానిష్‌లో అలాగే నిలిచి, ఫ్రెంచ్‌లో ‘రాజ్’ అయింది. రూబియోకూ రూజ్‌కూ ఉన్న తేడా సరిగ్గా అంతే. రుమేనియన్‌లో ఈ రూపం ‘రోయిబ్’ అయి ఎర్రగోధుమ రంగు గుర్రాలకు మాత్రమే మిగిలింది.

ఇంకో తోబుట్టువు ‘రుస్సుస్’. దాని నుంచి ఇటాలియన్ ‘రోస్సో’, ఆ దేశంలో ఊరూరా వినిపించే రోస్సి ఇంటిపేరు వచ్చాయి. ఫ్రెంచ్‌లో ‘రూ’ అయింది. ఎర్రజుట్టుకూ అదే పేరు, వెన్నలో మైదాను ఎర్రగా వేయించే వంటింటి పనికీ అదే పేరు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివేవాళ్లు సాస్‌ల పాఠంలో మొదట నేర్చేది ఈ ‘రూ’నే. ఇక రుస్సెయుస్ అనే రూపం స్పానిష్‌లో ‘రోహో’ అయి ఎరుపుగా నిలిచింది, పక్క దేశం పోర్చుగల్‌లో ‘రోషు’ అయి ఊదారంగైంది. మాట ఒకటే, రంగులు రెండు. పోర్చుగీసులోనూ ఇది మొదట ఎరుపే అనడానికి సాక్ష్యం 16వ శతాబ్దపు నౌకాయాన రాతల్లో ఉంది: ఎర్ర సముద్రాన్ని అప్పట్లో ‘మార్ రోషు’ అనేవారు. ఇప్పుడు ‘మార్ వెర్మెల్యు’ అంటారు. ఈ వెర్మెల్యు లాటిన్‌లో ‘చిన్న పురుగు’ అనే మాట నుంచి వచ్చింది. ఓక్ చెట్లపై పెరిగే కెర్మెస్ పురుగును ఎండబెట్టి తీసే ఖరీదైన అద్దకం రంగుకు ఆ పేరు పడింది. పురుగు పేరు ఎరుపు స్థానాన్ని ఆక్రమించేసరికి పాత మాట ఊదా వైపు జరిగింది. రంగు పేర్లలో ఒకటి కదిలితే పక్కది ఒదగాల్సిందే.

ఎర్ర సముద్రం మాట వచ్చింది కాబట్టి ఒక విషయం. గ్రీకు ‘ఎరుథ్ర’ సముద్రం అంటే నేటి ఎర్ర సముద్రం ఒక్కటే కాదు, హిందూ మహాసముద్రమంతా. క్రీ.శ. 1వ శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన ఆ సముద్ర యాత్రాదర్శినిలో ‘మసలియా’ అనే తీరం, అక్కడ నేసే సన్నని నూలుబట్టల ప్రస్తావన ఉన్నాయి. దాన్ని మచిలీపట్నం ప్రాంతంగానే చరిత్రకారులు గుర్తిస్తారు. ఎరిత్రియా దేశం పేరు కూడా ఈ సముద్రం నుంచే 1890లో ఇటలీ వలసపాలకులు తీశారు.

జాజు నుంచి మార్కుల పట్టిక దాకా

లాటిన్ ‘రుబ్రికా’ అంటే మన జాజు, జేగురు. అరుగులకూ కుండలకూ పూసే ఎర్రమట్టి. ఎరుపు ఇచ్చేది అందులోని ఇనుప ఆక్సైడు. పసుపు జేగురు ఉన్నచోట ఎరుపు కావాలంటే దాన్ని కాల్చితే చాలు: సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర అందులో బంధించి ఉన్న నీరు వెళ్లిపోయి ఎర్రబడుతుంది. ఎండకూ గాలికీ మారని రంగు. మెరుపు తక్కువ, అదే దాని లోటు.

రోములో చట్టాల శీర్షికలు ఈ ఎరుపుతో రాసేవారు. దాంతో మట్టి పేరు శీర్షికకు వచ్చింది. వక్తృత్వ గురువు క్వింటిలియన్ 1వ శతాబ్దం చివర్లో, లోతైన చదువు వదిలేసి ‘ఆల్బుమ్‌కూ రుబ్రికలకూ’ పరిమితమైపోయిన న్యాయవాదులను తప్పుపట్టాడు. ఆల్బుమ్ అంటే తెల్లనిది, అంటే న్యాయాధికారి ప్రకటనలు రాసే సున్నపు పలక. అంటే మన పెళ్లి ఆల్బమ్, కాలేజీ రూబ్రిక్ ఒకప్పుడు ఒకే కచేరీ గోడ మీద ఉన్నవే: ఒకటి పలక తెలుపు, ఒకటి రాత ఎరుపు.

మధ్యయుగ యూరప్ మఠాల్లో ఈ పనికి వేరే మనిషి ఉండేవాడు. లేఖకుడు నల్లసిరాతో పుట రాసుకుంటూ పోతూ శీర్షికకూ, పెద్ద తొలి అక్షరానికీ ఖాళీ వదిలేవాడు. ఆ ఖాళీలో ఏ అక్షరం రావాలో అంచున చీమతల అంత గుర్తు పెట్టేవాడు. కట్ట పూర్తయ్యాక ఎరుపు రాసేవాడి చేతికి వెళ్లేది. అతను ఇంగిలీకాన్నో (పాదరసపు ఎర్రరంగు) సీసపు సింధూరాన్నో సానరాయి మీద నీటితో నూరి, కోడిగుడ్డు తెల్లసొనతో కలిపేవాడు. తెల్లసొనను ముందు బాగా గిలకొట్టి రాత్రంతా ఉంచితే నురగ పైన నిలిచి, కింద పల్చని నీరు దిగుతుంది. ఆ నీరే బంక. నురగతో కలిపితే కలం నుంచి రంగు సాగదు, బుడగలు పుటమీద గుంటలవుతాయి. ఎక్కువ నూరితే ఇంగిలీకం ఎరుపు కాస్త నారింజ వైపు తిరుగుతుంది.

తప్పులు జరిగే చోట్లూ తెలిసినవే. అంచు గుర్తును తప్పుగా చదివి వేరే అక్షరం పెద్దగా గీసిన పుటలు, రంగు రాసేవాడి దాకా చేరక ఖాళీలు అలాగే మిగిలిన పుస్తకాలు ఇప్పటికీ గ్రంథాలయాల్లో ఉన్నాయి. సీసపు సింధూరం కాలక్రమంలో గాలికీ తేమకూ నల్లబడుతుంది. జాజుకు ఆ బాధ లేదు. ఈ సింధూరం లాటిన్ పేరు ‘మినియుమ్’. దానితో రాయడం నుంచి మినియేచర్ అన్న మాట వచ్చింది. అంటే మినియేచర్ పుట్టినప్పుడు చిన్నది అని అర్థం కాదు, సింధూరంతో వేసినది. పుస్తకాల్లో బొమ్మలు చిన్నవి కాబట్టి తరువాత ఆ అర్థం అంటుకుంది.

1450ల్లో గుటెన్‌బర్గ్ తన 42 వరుసల బైబిలు అచ్చువేసేటప్పుడు మొదటి కొన్ని పుటల్లో ఎర్ర శీర్షికలను యంత్రం మీదే అచ్చువేసి చూశాడు. దానికి ప్రతి కాగితాన్నీ రెండోసారి, అంతే గురిగా యంత్రం కిందికి పంపాలి. పని రెట్టింపు కావడంతో మానేసి ఖాళీలు వదిలాడు. ఎక్కడ ఏం రాయాలో చెప్పే 8 పుటల పట్టికను విడిగా అచ్చువేసి ఇచ్చాడు. ఆ పట్టిక ప్రతులు మ్యూనిక్‌లో ఒకటి, వియన్నాలో ఒకటి మిగిలాయి.

చర్చి ప్రార్థన పుస్తకాల్లో నలుపు చదవడానికి, ఎరుపు చెయ్యడానికి. ఇక్కడ మోకరిల్లాలి, ఇక్కడ చేతులెత్తాలి అన్న సూచనలు ఎరుపులో ఉంటాయి. అక్కడ రూబ్రిక్ అంటే ‘ఎలా చెయ్యాలో చెప్పే నియమం’ అయింది. 20వ శతాబ్దంలో అమెరికా విద్యారంగం ఆ అర్థాన్నే పట్టుకొని, ఏ స్థాయి జవాబుకు ఎన్ని మార్కులో చెప్పే పట్టికకు ఈ పేరు పెట్టింది. అక్రిడిటేషన్ ఫైళ్లతో పాటు అది హైదరాబాద్, విజయవాడ కాలేజీలకూ వచ్చింది. ఎర్రమట్టి నుంచి ఎక్సెల్ షీటు దాకా ఒక్క అడుగూ తెగలేదు.

వేరు, చెక్క, తెగులు

మొక్కల వైపు ఈ వంశం మరీ బలంగా పాతుకుంది. ఎర్రరంగు ఇచ్చే వేరున్న మొక్కకు లాటిన్‌లో ‘రూబియా’ అని పేరు. మన మంజిష్ఠ ఆ ప్రజాతిలోదే. 1789లో ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త జుస్సియూ పెట్టిన రూబియేసీ అనే కుటుంబం పేరుకు మూలం అదే. తెలుగు నేల మీద ఈ కుటుంబం పెద్దది: మంజిష్ఠ, కడిమి, నూరు వరహాలు, తొగరు చెట్టు, మచిలీపట్నం కలంకారీకి శతాబ్దాల పాటు ఎరుపు ఇచ్చిన చిరివేరు. తొగరు అన్నది తెలుగులో చెట్టుకూ ఎరుపుకూ ఒకే మాట. లాటిన్‌లో రూబియాకు జరిగిందే ఇక్కడా జరిగింది.

ఈ వేళ్ల ఎరుపు దానంతట అది బట్టకు పట్టదు. కలంకారీలో ముందు బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీటిలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల తరువాత వేసే ద్రావణం పక్కలకు పాకదు. ఎరుపు రావలసిన చోట పటిక ద్రావణం అద్దుతారు. ఆపైన వేరు వేసిన నీటిలో ఉడికిస్తే పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. మంజిష్ఠ జాతి వేళ్లను అద్దేటప్పుడు వేడి 70 డిగ్రీలు దాటితే వేరులోని గోధుమరంగు పదార్థాలు కూడా దిగి ఎరుపు మసకబారుతుంది. నీటిలో ఇనుము ఉంటే ఊదాకు తిరుగుతుంది. పాత్ర కూడా ఇనుపది కాకూడదు.

ఇక రోబస్టా. ఎర్రగా ఉండే ఓక్ చేవను రోమనులు ‘రోబుర్’ అన్నారు. ‘రోబుస్’ అంటే ఎర్రని అని ప్రాచీన నిఘంటుకారుడు ఫెస్టుస్ నమోదు చేశాడు. చేవ ఉన్న చెక్క గట్టిది కాబట్టి రోబుర్‌కు బలం అనే అర్థం వచ్చింది. తెలుగులో చేవకు జరిగింది కూడా అదే: చెట్టులోని చేవ మనిషిలోని సత్తువకు పేరైంది. ‘రోబుస్తుస్’ అంటే చేవగలది. దాని నుంచే రోబస్టా కాఫీ, రోబస్టా అరటి.

గోధుమకు పట్టే ఎర్రని తుప్పు తెగులుకు లాటిన్‌లో ‘రోబీగో’ అని పేరు. ఇనుము తుప్పుకూ అదే మాట. మన రైతులు తుప్పు తెగులు, కుంకుమ తెగులు అనడంలో ఉన్నదీ ఇదే చూపు. ఆకును వేలితో రాస్తే వేలికి అంటే ఎర్రటి పొడి, ఆ శిలీంధ్రపు బీజాలు. ఆ తెగులు రాకుండా రోమనులు ఏటా ఏప్రిల్ 25న రోబిగాలియా అనే పండుగ చేసి కుక్కను బలి ఇచ్చేవారు. వసంతపు ఆఖరి రోజుల్లో పైరు పాలుపోసుకునే దశ, తేమ, వెచ్చదనం కలిసినప్పుడే తుప్పు వ్యాపిస్తుంది. ఆ తేదీ ఊరికే పెట్టింది కాదు.

కాఫీ చెట్టు దగ్గర ఈ శాఖలన్నీ కలుస్తాయి. కాఫీది రూబియేసీ కుటుంబం. దాన్ని 1869 నుంచి సింహళంలో నాశనం చేసినది ఆకు తుప్పు తెగులు. ఇంగ్లిష్ ‘రస్ట్’ కూడా ఈ ధాతువు బిడ్డే. అరకులో పండే అరబికా రకం ఈ తెగులుకు లొంగుతుంది. తట్టుకునే రకానికి చేవగలదని రోబస్టా అని పేరు పెట్టారు. కుటుంబం పేరు ఎరుపు, రోగం పేరు ఎరుపు, రోగాన్ని ఆపే రకం పేరూ ఎరుపే. మూడు పేర్లనూ వేరువేరు కాలాల్లో, ఒకరి సంగతి ఒకరు చూసుకోకుండా పెట్టారు.

రాయి, లోహం

రూబీ మధ్యయుగ లాటిన్ ‘రుబీనుస్’ నుంచి వచ్చింది. అంతకుముందు రోమనులు ఎర్రరాళ్లన్నిటినీ ‘కార్బున్‌కులుస్’ అనేవారు, అంటే చిన్న నిప్పుకణిక. తెలుగులో కెంపు అన్నదీ రంగు పేరే. రంగుతో పేరు పెడితే వచ్చే చిక్కు ఏమిటంటే, ఎర్రగా ఉన్న ప్రతి రాయీ ఆ పేరు కిందికి వచ్చేస్తుంది. కెంపు, దానిలాగే ఎర్రగా ఉండే స్పినెల్ అనే రాయి వేరని 1783లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త రోమే ద లిల్ స్ఫటికాల ఆకారం బట్టి తేల్చాడు. బ్రిటిష్ రాజకిరీటంలో బ్లాక్ ప్రిన్స్ రూబీగా పేరుపడ్డ పెద్ద రాయి స్పినెలే. మోస్ కొలమానంలో కెంపు కాఠిన్యం 9, స్పినెల్‌ది 8. కెంపు వెలుగును రెండుగా విరుస్తుంది, స్పినెల్ ఒక్కటిగానే. రాళ్లు పరీక్షించేవాళ్లు రంగును ఆఖరున చూస్తారు.

రుబీడియం అనే లోహం కథలో ఎరుపు రాతిలో కూడా లేదు, వెలుగులో ఉంది. 1861లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో శాస్త్రవేత్తలు బున్సెన్, కిర్‌హోఫ్ లెపిడోలైట్ ఖనిజాన్ని మంటలో పెట్టి వర్ణపటం చూస్తే ఎరుపు చివర, దాదాపు చూపు ఆగిపోయే చోట రెండు కొత్త గీతలు కనిపించాయి: 780, 795 నానోమీటర్ల దగ్గర. ముదురు ఎరుపు కాబట్టి ఫ్రోంటో జాబితాలోని ‘రుబిదుస్’ పేరు పెట్టారు. లోహం మాత్రం వెండిలా తెల్లనిది. డ్యూర్క్‌హైమ్ ఊటనీటిని 44,000 లీటర్లు ఇగిరించగా వాళ్లకు దక్కిన రుబీడియం క్లోరైడ్ 9.2 గ్రాములు.

ఈ లోహపు పరమాణువు సెకనుకు సుమారు 683 కోట్ల కంపనాలతో గడియారంగా పనిచేస్తుంది. 2013 జులై 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన, నేల మీద మనమున్న చోటు చెప్పే ఐ.ఆర్.ఎన్.ఎస్.ఎస్-1ఎ ఉపగ్రహంలో మూడు రుబీడియం గడియారాలుండేవి, మూడూ చెడిపోయాయి. నానోసెకనులో వెలుగు 30 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి గడియారం సరిగ్గా లేని ఉపగ్రహంతో చోటు లెక్కించలేం. 2023 మే 29న అదే పనికి అక్కడి నుంచే వెళ్లిన ఎన్.వి.ఎస్-01 ఉపగ్రహంలో దేశంలోనే తయారైన రుబీడియం గడియారం పెట్టారు.

ఒంటి మీద ఎరుపు

రుబెల్లా అంటే ‘కాస్త ఎర్రనిది’. 1866లో ఆ పేరు పెట్టిన హెన్రీ వీల్ భారతదేశంలో పనిచేసిన సైనిక వైద్యుడు. ఈ పేరు దగ్గర ఒక నిజమైన ప్రమాదం ఉంది. ఇంగ్లిష్ వైద్యంలో ‘రుబియోలా’ అంటే తట్టు, ‘రుబెల్లా’ వేరే జబ్బు. స్పానిష్‌లో ‘రుబేయోలా’ అంటే రుబెల్లా. తట్టుకు అక్కడ ‘సరాంపియోన్’ అని వేరే పేరుంది. ఫ్రెంచ్‌లో ‘రూజోల్’ తట్టు, ‘రూబేయోల్’ రుబెల్లా. అమెరికా యూనివర్సిటీలకు వెళ్లే మన విద్యార్థుల టీకా ఫారాల్లో రుబియోలా, రుబెల్లా రెండు వేర్వేరు గడులుగా ఉంటాయి. రెండూ ఒకటే అనుకొని ఒకదాన్ని ఖాళీగా వదిలితే ఫారం తిరిగొస్తుంది. మన పిల్లలకు 9-12 నెలల మధ్య ఒకటి, 16-24 నెలల మధ్య ఒకటి వేసే ఎం.ఆర్. టీకాలో ‘ఎం’ తట్టు, ‘ఆర్’ రుబెల్లా. గర్భం తొలి నెలల్లో తల్లికి రుబెల్లా సోకితే బిడ్డకు చెవుడు, కంటి శుక్లం, గుండె లోపాలు రావచ్చు. అందుకే తేలికపాటి దద్దురు జబ్బుకు ఇంత జాగ్రత్త.

బిలిరుబిన్ పేరును 1864లో రసాయన శాస్త్రవేత్త స్టెడెలర్ కట్టాడు: బిలిస్ అంటే పిత్తం, దానికి రుబెర్ కలిపాడు. అతను పేరు పెట్టింది విడదీసిన స్ఫటికాలకు. అవి నారింజ-ఎరుపుగా ఉంటాయి. రక్తంలో పల్చబడితే అదే పసుపు. అందుకే లాటిన్ పేరు ఎరుపు అంటుంది, తెలుగు జబ్బు పేరు పచ్చకామెర్లు అంటుంది. ఇద్దరూ చూసింది ఒకే పదార్థాన్ని, వేర్వేరు చిక్కదనాల్లో. పెద్దల్లో మామూలు మోతాదు డెసిలీటరుకు సుమారు 1.2 మిల్లీగ్రాముల లోపు, 2.5-3 దాటితే కంటి తెల్లగుడ్డులో పసుపు తెలుస్తుంది. పసిబిడ్డలకు పెట్టే నీలి దీపం వెలుగు, 460-490 నానోమీటర్లది, ఈ అణువు ఆకారాన్ని మార్చి నీటిలో కరిగేలా చేస్తుంది. అప్పుడది ఒంట్లోంచి సులువుగా బయటికి పోతుంది.

ఈ రసాయనమంతా ప్రయోగశాల లేకుండానే కంటికి కనిపించే చోటు ఒకటుంది. మోకాలు గుమ్మానికి కొట్టుకుంటే చర్మం కింద నెత్తురు చేరి మొదట ఎర్రగా, గంటల్లో నల్లగా కములుతుంది. చిందిన ఎర్రకణాలను తెల్లకణాలు మింగి, నెత్తురుకు ఎరుపునిచ్చే హీమ్ అనే అణువును తెంచి బిలివెర్డిన్ చేస్తాయి. వెర్డిన్ లాటిన్ ఆకుపచ్చ ‘విరిదిస్’ మనవరాలు, కమిలిన చోటు అంచుల్లో నాలుగైదు రోజులకు తేలే ఆకుపచ్చ అదే. ఇంకో ఎంజైమ్ దాన్ని బిలిరుబిన్‌గా మార్చగానే అంచులు పసుపు తిరుగుతాయి. ఆ పసుపు కూడా పోయాక కొన్నాళ్లు ఉండే గోధుమరంగు మచ్చ, అక్కడే మిగిలిపోయిన ఇనుముది.